ఒక్కరోజులో నడిచొచ్చే కోన ఏది? (భైరవకోన, పెంచలకోన, ఉదయగిరి, సిద్ధేశ్వరం)

కావలి_అలలు | నవంబరు 24, రాత్రి 9:12

అందరికీ నమస్తే. మాది కావలి. డిసెంబరు మొదటి ఆదివారం ఇంటిల్లిపాదీ ఏదైనా కోనకి పోయి నడిచి రావాలనుకుంటున్నాం. నడక అంటే నిజంగా నడకే. కారు దిగి, మెట్లెక్కి, దణ్ణం పెట్టి, ఫోటో దిగి, మళ్ళీ కారెక్కే రకం ఇప్పటికి నాలుగు చేశాం, చాలు.

మొత్తం ఆరుగురం. మా ఆయన, నేను, పదకొండేళ్ళ పాప, ఒంగోలు నుంచి మా తమ్ముడు, మరదలు, ఇంకా మా నాన్న. నాన్నకి 64. రోజూ పొద్దున్నే సముద్రం ఒడ్డున నాలుగు కిలోమీటర్లు నడుస్తాడు గానీ దిగుడు వస్తే కుడి మోకాలు ఇబ్బంది పెడుతుంది. ఆయన్ని వదిలేసి పోదామంటే పాప ఒప్పుకోదు. ఆయన అసలే ఒప్పుకోడు.

వాగు పక్కన నడవాలి, రెండు వైపులా కొండ ఉండాలి, నీళ్ళుంటే మరీ సంతోషం. తెల్లవారకముందే బయల్దేరినా రాత్రి ఎనిమిదికల్లా ఇంట్లో ఉండాలి, సోమవారం బడి. యూట్యూబులో చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. పైన డ్రోను, కింద జలపాతం, వెనక వాయింపుడు. ఎంతసేపు నడవాలో, కాలికింద ఏముంటుందో ఒక్కడూ చెప్పడు. పోయొచ్చిన వాళ్ళు చెప్పండి.

బైకుమీద_ఒంగోలు | నవంబరు 24, రాత్రి 9:30

అక్కా, ఇందులో ఆలోచించేదేముంది? భైరవకోన. మీ తమ్ముడు కనిగిరి మీదుగా వస్తాడు, మీరు పామూరులో కలుసుకుని సి.ఎస్.పురం దారి పట్టండి. ఒకే కొండని తొలిచి ఎనిమిది గుహల్లో శివాలయాలు. పక్కనే రెండొందల అడుగుల పైనుంచి నీళ్ళు దూకుతుంటాయి. పొద్దున్నే పోతే జలపాతం కింద మీరే రాజులు. నేను ఏడుసార్లు పోయా.

గండిమీద_కన్ను | నవంబరు 24, రాత్రి 9:41

గండికోట పొండి. దాని ముందు ఇవన్నీ బలాదూర్.

పెన్న_ఒడ్డు | నవంబరు 24, రాత్రి 10:05

గండికోటని ఎవరూ కాదనరు సామీ. కానీ కావలి నుంచి జమ్మలమడుగు పోయి రావడానికే రోజు సరిపోతుంది, ఇంక నడిచేదెప్పుడు?

అసలు గండికోట దగ్గర ఎర్రమలను కోసిన పెన్నే మన సోమశిల దగ్గర వెలిగొండను కోసుకుని బయటికొస్తుంది. అక్కడ కత్తితో కోసినట్టు నిలువు గోడలు, ఇక్కడ వాలు కొండలు. ఆ సందు చూసే కదా 78 టీఎంసీల జలాశయం కట్టింది. కారు దిగి చూడ్డానికి సోమశిల బాగుంటుంది, సాయంత్రం మరీనూ. నడకకి మాత్రం పనికిరాదమ్మా. డ్యాము కింద నది ఎండినట్టు కనపడినా అందులోకి దిగొద్దు. 2021 నవంబరు 19న ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది. ఆ నీళ్ళు పెన్నలో కలిసి వచ్చి పడింది సోమశిలలోనే. లక్షల క్యూసెక్కులు వదిలారు, డ్యాము కింది సోమేశ్వరాలయం కూడా దెబ్బతింది. మన నెత్తిన ఉన్న మబ్బుని చూసి మన ఏటిని అంచనా వేస్తే అంతే సంగతులు.

దుర్గంపల్లి_దారి | నవంబరు 25, ఉదయం 6:20

ఏందబ్బా, ఉదయగిరిని పేరులో పెట్టుకోని ఒక్కరూ దాని మాటెత్తకపోతిరి!

మా దుర్గం 3,079 అడుగులు. కృష్ణదేవరాయలంతటోడికే ఏడాదిన్నర పట్టింది, 1514లో గానీ చేతికి చిక్కలా. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసకపోయి గుడి కట్టించినాడు. పైన గోడలుండాయి, బురుజులుండాయి, మసీదులుండాయి, గాలి ఉండాది. పైనుంచి చూస్తే ఊరు అగ్గిపెట్టెలు పేర్చినట్టుంటది.

కానీ అక్కయ్యా, ఉన్న మాట చెప్తా. మీ నాయన్ని పైకి తీసకపోవద్దు. మెట్లు ఊడిపోయి రాళ్ళు కదుల్తా ఉండాయి. ఎక్కేటప్పుడు ఊపిరి అడగతాది, దిగేటప్పుడు మోకాలు అడగతాది. మామూలోళ్ళకి ఎక్కేదానికి మూడు గంటలు, దిగేదానికి రెండున్నర. నీడ లేదు. తాగే నీళ్ళు మోసకపోవాల్సిందే. పైగా ఇది కోట, కోన కాదు. మీరు అడిగింది వాగు కదా. తమ్ముడు, మరదలు కుర్రోళ్ళు గాబట్టి ఇంకోసారి వాళ్ళని పంపండి. కింద బజార్లో చెక్క గరిటెలు మాత్రం కొనకుండా పోవద్దు.

కావలి_అలలు | నవంబరు 25, ఉదయం 8:02

దుర్గంపల్లి అన్నా, సొంతూరి కొండని వద్దని చెప్పినందుకే మీ మాట నమ్ముతున్నా. ఉదయగిరి కొట్టేశాం. పెంచలకోన సంగతేంటి? గుడి దాటి పైకి పోతే జలపాతం ఉందంటారు.

రాపూరు_రోడ్డు | నవంబరు 25, మధ్యాహ్నం 1:15

అక్కా, పెంచలకోన గురించి నేను చెప్తా. అక్కడ దెబ్బ తిన్న వాణ్ణి.

రెండేళ్ళ కింద మే నెలలో ఒక ట్రెక్కింగ్ గ్రూపుతో పోయా. పేరొద్దులే. తలకి తొమ్మిది వందలు తీసుకున్నారు. పదహారు మందిమి. గుడి దగ్గర టిఫిన్లు చేసి, ఫోటోలు దిగి, నడక మొదలెట్టేసరికి పదిన్నర. మే నెలలో పదిన్నర! మనిషికి ఒక లీటరు బాటిలు. పైన గుండంలో నీళ్ళుంటాయి, నింపుకోవచ్చన్నాడు లీడరు. పోయి చూస్తే ఆ గుండంలో మోకాలి లోతున ఆకులు కుళ్ళి, దాని మీద పచ్చటి మీగడ.

తిరుగుదారిలో పశువుల బాటలు చేరాయి. పోయేటప్పుడు ఒకటే బాట ఉన్నట్టుంటుంది. వచ్చేటప్పుడు చూస్తే ప్రతి పొద దగ్గరా రెండుగా చీలుతుంది. పశువు పోయే దారి ఊళ్ళోకే పోవాలని రూలేం లేదు కదా, అది మేతకి పోతుంది. లీడరు ఫోన్లో మ్యాపు చూపిస్తున్నాడు, మ్యాపులో మేమున్న చోటు తెలుస్తా ఉంది, దారి మాత్రం లేదు. మాతో వచ్చిన ఒకమ్మాయికి మూడింటికి కాళ్ళు కొంకర్లు పోయాయి. ఆమె బ్యాగు నేను, నా బ్యాగు ఇంకొకడు మోస్తా, చివరికి ఎండిన వాగు పట్టుకుని కిందికి దిగాం. చెక్‌పోస్టు చేరేసరికి రాత్రి ఏడు. అక్కడ ఫారెస్టు వాళ్ళు లైట్లు వేసి ఒక్కొక్కర్నీ ఆపి బ్యాగులన్నీ విప్పించారు. వాళ్ళ తప్పు లేదు. ఎర్రచందనం అడవిలోంచి చీకట్లో పదహారు మంది దిగొస్తుంటే ఎవరైనా ఏమనుకుంటారు? లీడరు పర్మిషన్ ఉందన్నాడు, అది వాట్సాప్ మెసేజని అప్పుడు తెలిసింది.

కోనకి వంక పెట్టడంలా. స్వామి దర్శనానికి పోయేవాళ్ళు హాయిగా పోయి రండి. గుడి వెనకాల వాగు వెంట కొంచెం దూరం పోయినా బాగుంటుంది. ఆపైన పోవాలంటే అనుమతి తీసుకుని, దారి తెలిసిన ఊరి మనిషిని వెంటబెట్టుకోండి. కోతులు మాత్రం అనుమతి అడగవు, సంచి గట్టిగా పట్టుకోండి.

కొండతేనె | నవంబరు 25, సాయంత్రం 6:48

రాపూరు తమ్ముడి మాటకి కొంచెం కలుపుతా. నేను పక్షుల కోసం ఆ అడవుల్లో తిరిగే మనిషిని.

పెంచలకోన చుట్టూ ఉన్నది శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యం. 1997లో ప్రకటించారు, నెల్లూరు, కడప వైపు కలిపి వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైనే. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోకూడదు. గుడికి పోయే దారి వేరు, గుడి దాటి అడవిలో తిరగడం వేరు. రేంజ్ ఆఫీసుకి ముందే పోయి, ఎంతమంది, ఎక్కడిదాకా, ఎన్నింటికి బయటికొస్తారు అని రాసిచ్చి అడగండి. వద్దంటే వద్దు. నల్లమల వైపు, అంటే దోర్నాల, నెమలిగుండం, పాలంక వైపు, అది పులుల అభయారణ్యం, ఇంకా కట్టుదిట్టం. అక్కడ సొంతంగా నడక ఆలోచనే పెట్టుకోవద్దు.

అన్నిటికంటే నాకు భయం తేనెపట్లు. ఎలుగుబంటి కనపడితే మెల్లగా వెనక్కి రావచ్చు. తేనెటీగలు రేగితే పరుగు తప్ప మార్గం లేదు, మోకాలు నొప్పి ఉన్నాయన పరిగెత్తలేడు. జలపాతాల దగ్గర కొండ చరియ కింద నల్లగా చాపలా వేలాడుతుంటుంది, అది చాప కాదు. అక్కడ పొగ పెట్టొద్దు, సెంటు కొట్టుకుని పోవద్దు, డ్రోను ఎగరెయ్యొద్దు. ఆదివారం కుర్రాళ్ళు చేసేవి సరిగ్గా ఈ మూడే.

బైకుమీద_ఒంగోలు | నవంబరు 25, రాత్రి 7:10

మన కొండకి మనం పోవడానికి కాయితమేందక్కా? మా తాతలు కాయితాలు పట్టుకునే పొయ్యారా?

కొండతేనె | నవంబరు 25, రాత్రి 7:22

మీ తాతలు పోయింది బీడాకుకీ, కుంకుడుకాయలకీ బాబూ. బ్లూటూత్ స్పీకరు పట్టుకుని కాదు.

బైకుమీద_ఒంగోలు | నవంబరు 25, రాత్రి 7:25

సరే, ఆ దెబ్బ తగిలింది.

పలకా_బలపం | నవంబరు 26, ఉదయం 5:50

నేను మార్కాపురం వైపు బడిపంతుల్ని, రిటైరయ్యాను. ముప్ఫయ్యేళ్ళు పిల్లల్ని వెంటేసుకుని ఈ కోనలు తిరిగాను. అమ్మాయ్, ఏ కోన బాగుంటుందని కాకుండా ఏ కోన ఎప్పుడు బాగుంటుందని అడిగితే నీకు జవాబు దొరుకుతుంది.

మొదట వాన సంగతి. మనకి, అందులోనూ నెల్లూరు వైపు, దండిగా పడేది ఈశాన్య రుతుపవనాల వాన, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఈ కొండవాగులు పొట్టివి. కొండ మీద పడ్డ వాన గంటల్లో కిందికొస్తుంది, వారం పది రోజుల్లో సన్నబడుతుంది, సంక్రాంతి దాటితే గుండాల్లో తప్ప ఉండదు. అందుకని గట్టి వాన పడ్డ మర్నాడూ పోవద్దు, నెలాగీ పోవద్దు. మూడు నాలుగు రోజులు తెరిపి ఇచ్చాక పో. నీళ్ళు తేటగా ఉంటాయి, బండలు ఆరి ఉంటాయి.

తర్వాత రాయి. మా ఊరి పలకలు మీరంతా చిన్నప్పుడు దిద్దే ఉంటారు. ఈ కొండల్లో గట్టి తెల్లరాయి, మెత్తటి పలకరాయి పొరలు పొరలుగా ఉంటాయి. భూగర్భ శాస్త్రం వాళ్ళు గట్టిదాన్ని క్వార్ట్‌జైట్ అంటారు, పలకరాయి ఉండే పొరలకి మన కంభం పేరే పెట్టారు. మెత్తది అరిగిపోయి లోయైంది, గట్టిది గోడలా నిలబడింది. ఇది చదువు కోసం కాదు, కాలు కోసం చెప్తున్నా. గట్టిరాయి పొడిగా, గరుకుగా ఉన్నంతసేపూ పాదాన్ని పట్టుకుంటుంది. నీళ్ళు నున్నగా తోమినచోట పాకుడు పడితే గాజే. పలకరాయి పెచ్చు పొడిగా ఉన్నా అడుగు కింద ఊడొస్తుంది. బరువు వేసేముందు ప్రతి రాయినీ మడమతో కాదు, మునివేళ్ళతో ఒకసారి తట్టి చూడాలి. కొత్త బూట్లు కొనబోకు. రోజూ వాడే గట్టి చెప్పులకి వెనక పట్టీ ఉంటే అదే మేలు.

ఇంక పొద్దు. మన వైపు నుంచి పోతే కొండలు పడమట ఉంటాయి కాబట్టి పొద్దున పోయేటప్పుడు ఎండ వీపున కొడుతుంది, మధ్యాహ్నం తొందరగా నీడొస్తుంది. డిసెంబరులో ఆరింటికి ముందే పొద్దు గూకుతుంది గానీ కోన లోపల మూడున్నరకే ఎండ పోతుంది. మీ నాన్న ఇసకలో గంటకి నాలుగు కిలోమీటర్లు నడుస్తాడేమో, వాగు రాళ్ళ మీద ఒకటిన్నర నడిస్తే గొప్ప. ఆ లెక్కన వెనక్కి తిరిగే టైము ఇంట్లోనే రాసుకుని పో. పదకొండున్నర అని రాశావనుకో, జలపాతం పది బారల దూరంలో ఉన్నా పదకొండున్నరకి తిరగాల్సిందే.

మా పిల్లలకి నేర్పిన చిట్కా ఒకటుంది. వాగు దగ్గర కూర్చున్నప్పుడు నీటి అంచున గుప్పెడంత రాయి పెట్టు, సగం తడిసేట్టు. పావుగంటకోసారి చూస్తుండు. రాయి మునుగుతోందంటే మూట సర్దు. తేట నీళ్ళు రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, చప్పుడు మారినా ఇంక ఆగకూడదు. నీకు ఎండ కాస్తుండొచ్చు, పైన పడుతుండొచ్చు.

కోన కనపడితే మీకు నడవాలనిపిస్తుంది, రాజులకి కట్ట వెయ్యాలనిపించింది. గుండ్లకమ్మ కొండ సందులోంచి వచ్చే చోట కట్ట వేస్తే అదే కంభం చెరువైంది. విజయనగర రాణి వరదరాజమ్మ కట్టించిందంటారు. 2020లో ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడాల్లో చేర్చారు. ఆ గట్టు మీద సాయంత్రం నడక మోకాళ్ళున్న వాళ్ళకీ లేనివాళ్ళకీ ఒకటే. అది మీకు దూరమనుకో.

నీ బృందానికైతే భైరవకోనే. ఒంగోలు అబ్బాయి చెప్పిన కారణానికి కాదు. అక్కడ గుహలున్నాయి, గుడుంది, నీడుంది. నడవలేని మనిషి ఆగిపోయినా ఆయన రోజు పాడవదు. పెంచలకోన పైన ఆగిపోతే పొదలో కూర్చోవాల్సిందే.

పెన్న_ఒడ్డు | నవంబరు 26, ఉదయం 9:30

మాష్టారి చివరి మాటకి నాదీ ఓటు. మనమంతా జలపాతాల ఎత్తులు చెప్పాం గానీ ఆగిపోయిన మనిషి ఎక్కడ కూర్చుంటాడో ఎవరూ చూడలేదు.

ఘటిక_గంట | నవంబరు 26, ఉదయం 11:04

సిద్ధేశ్వరం మాటెవరూ అనలేదు కాబట్టి ఒక ముక్క. సీతారాంపురం వైపు, కొండ మొదట్లోనే. శాంతంగా ఉంటుంది. నేను పోయిన మూడుసార్లూ అన్నం పెట్టారు. అన్నదానానికి పేరుపడ్డ అవధూత కాశినాయన పుట్టిన ప్రాంతం కదా, పెట్టకుండా పంపరు. చెట్ల కింద నడక ఉంది గానీ మీరు కోరుకున్న ఇరుకు కోన కాదు. భైరవకోనలో జనం ఎక్కువైతే వచ్చే దారిలో మళ్ళండి.

కావలి_అలలు | నవంబరు 30, రాత్రి 8:40

అందరికీ దండాలు. భైరవకోన అనుకున్నాం, అది కుదరకపోతే సిద్ధేశ్వరం అనుకున్నాం. కానీ వాయుగుండం అంటున్నారు, నిన్నట్నుంచీ ఇక్కడ సముద్రం హోరు వినలేకపోతున్నాం. మా ఆయన పోదామంటాడు, తమ్ముడు పోదామంటాడు. "మాష్టారు మూడు నాలుగు రోజులు అన్నారు" అని పాప అడ్డం పడింది. ఒక వారం వాయిదా.

పలకా_బలపం | నవంబరు 30, రాత్రి 9:01

ఆ పిల్లకి నా తరఫున ఒక బలపం.

కావలి_అలలు | డిసెంబరు 16, రాత్రి 9:55

పోయొచ్చాం! ఆలస్యంగా రాస్తున్నా, ఏమనుకోకండి.

తెల్లవారి నాలుగున్నరకి బయల్దేరాం. పామూరులో తమ్ముడు వాళ్ళు కలిశారు. కోన చేరేసరికి ఏడున్నర. బండి పెట్టే చోట మేం రెండు కార్లు, ఒక పాల మోటారు సైకిలు, అంతే. గుడి దగ్గర వాళ్ళని అడిగితే వాగు వెంట ఎక్కడిదాకా పోనిస్తారో చేత్తో చూపించారు. ఆపైన పోవద్దన్నారు, మేమూ సరేనన్నాం.

ముందు గుహలు చూశాం. పాప బొమ్మల కంపాసు తెచ్చుకుంది. ఒక్కో గుడి ముందు నిలబడి దిక్కు చూసి చేతి మీద పెన్నుతో రాసుకుంది. ఏడు తూర్పు, ఒకటి ఉత్తరం. ఆ ఒక్కటీ ఎందుకు తిరిగింది అని పూజారి గారిని పట్టుకుంది. ఆయన నవ్వి ఊరుకున్నారు. కార్తీక పౌర్ణమి నాడు దుర్గమ్మ మీద వెన్నెల పడే చోటు చూపించారు. పగలైనా ఆ సందులోంచి వెలుగు ఎటు వస్తుందో తెలుస్తా ఉంది.

ఎనిమిదిన్నరకి వాగు పట్టాం. మాష్టారూ, మీరు చెప్పిన ఒకటిన్నర కూడా ఎక్కువే. మేం ఒక కిలోమీటరు నడిచామో లేదో గానీ గంట పట్టింది. నాన్న చేతికర్ర తెచ్చుకున్నాడు, ప్రతి రాయినీ ముందు కర్రతో, తర్వాత మునివేళ్ళతో తట్టడం. ఆయన వెనకే పాప కూడా తట్టడం. వాళ్ళిద్దరూ తట్టుకుంటా వచ్చేసరికి ముందు పోయిన తమ్ముడు ఒకచోట జర్రున జారి నడుందాకా నీళ్ళలో కూర్చున్నాడు. నల్లగా, తడిగా, మెరిసే బండ, చూస్తే నడవడానికే పరిచినట్టుంది. చెయ్యి పెట్టి చూస్తే వెన్న పూసినట్టు పాకుడు. దెబ్బేం తగల్లేదు, ఫోను మాత్రం బియ్యం డబ్బాలో ఉంది ఇప్పటికీ.

ఒక మడుగు దగ్గర నాన్న ఆగిపోయాడు. నొప్పని కాదు, "ఇంతకంటే ఏం కావాలి" అని. తుండుగుడ్డ పరుచుకుని కాళ్ళు నీళ్ళలో పెట్టాడు. వేలెడు చేపపిల్లలు వచ్చి మడమల దగ్గర చేరాయి. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, చేపలు చూడనట్టు "అమ్మాయ్, కొరుకుతున్నాయే" అని ఒకటే నవ్వు. పులిహోర పొట్లాలు విప్పాం. తమ్ముడు నీటి అంచున రాయి పెట్టాడు, ఎగతాళికే. మాష్టారి రాయి అని దానికి పేరు.

ఇంకో మడుగు పైన ఉందని, అది ఇంకా పెద్దదని, ఆ హద్దు లోపలే అని తమ్ముడు, మా ఆయన లేచారు. అప్పటికి పదీ యాభై. మా టైము పదకొండున్నర. పాప వెళ్ళి రాయి చూసొచ్చి "మామా, మీ రాయి కనపట్లేదు" అంది. కొట్టుకుపోయిందేమో అన్నాడు. పోయి చూస్తే అక్కడే ఉంది, మీద రెండు వేళ్ళ మందాన నీళ్ళు. మా నెత్తిన ఎండ. నీళ్ళు తేటగానే ఉన్నాయి. కానీ పడమట కొండ వెనక ఒక మబ్బు నీలంగా తల పైకెత్తి ఉంది, దాన్ని మేం పులిహోర తింటా చూసి బాగుంది బాగుంది అనుకున్నదే.

ఎవరూ వాదించలేదు. పొట్లాలన్నీ సంచిలో వేసుకుని తిరిగాం. వచ్చేటప్పుడు దాటిన రెండు చోట్ల రాళ్ళు తడిసి ఉన్నాయి, వెళ్ళేటప్పుడు పొడివి. పన్నెండుకల్లా గుడి దగ్గరున్నాం. అప్పటికి జనం దిగారు. ఇరవై మంది దాకా కుర్రాళ్ళు మేం వచ్చిన దారినే పైకి పోతుంటే మా ఆయన ఆపి నీళ్ళు పెరుగుతున్నాయని చెప్పాడు. సగం మంది ఆగారు, సగం మంది పోయారు. ఒంటిగంటన్నరకి మేం బయల్దేరేటప్పటికి పోయినవాళ్ళు కూడా వచ్చేశారు, నవ్వుకుంటానే. వాగు తర్వాత పెరిగిందో తగ్గిందో మాకు తెలీదు. రెండో మడుగు చూపించలేదని తమ్ముడికి ఇంకా కోపమే.

తిరుగుదారిలో సిద్ధేశ్వరంలో ఆగాం. ఘటిక_గంట గారూ, మాకూ పెట్టారు. రాత్రి ఏడూ నలభైకి ఇల్లు.

బైకుమీద_ఒంగోలు | డిసెంబరు 16, రాత్రి 10:10

అక్కా, ఏడుసార్లు పోయా, అన్నేసి సార్లూ గుహలు ఎటు చూస్తున్నాయో చూడలా. పాపకి నమస్కారం. ఆ నల్లబండ నాకూ తెలుసు, మన తమ్ముడికంటే ముందు నేను దాని మీద కూర్చున్నా.

దుర్గంపల్లి_దారి | డిసెంబరు 17, ఉదయం 6:15

సీతారాంపురం దాకా వచ్చి ఉదయగిరి మీద పోకుండా ఇంటికి పోయినారంటే గరిటెలు కొనలేదన్నమాట.

కావలి_అలలు | డిసెంబరు 17, ఉదయం 7:50

కొన్నాం అన్నా! రెండు గరిటెలు, ఒక అట్లకాడ. కారులోంచి కొండ చూసి నాన్న అడిగాడు, "మెట్లు ఎన్నుంటాయి" అని. నేను వినపడనట్టు ఊరుకున్నా.

రాపూరు_రోడ్డు | డిసెంబరు 17, ఉదయం 8:20

జనవరి రెండో వారం పెంచలకోనకి మేం నలుగురం పోదామనుకుంటున్నాం, ఈసారి రేంజ్ ఆఫీసుకి ముందే పోతా. మాష్టారూ, అప్పటికి గుండంలో నీళ్ళుంటాయంటారా?

పలకా_బలపం | డిసెంబరు 17, ఉదయం 8:45

ఈ వాయుగుండం నీళ్ళు అప్పటిదాకా ఆగవు. మళ్ళీ వాన పడితే ఉంటాయి. మనిషికి మూడు లీటర్లు మోసుకుని పో, ఉన్నా లేకపోయినా.